మా డాబా మీదికి కాటుకపిట్ట ఇంకా రాలేదు: మీ దగ్గర వలస పిట్టలు వేళకే వస్తున్నాయా?

డాబా_డైరీ | సెప్టెంబర్ 28, ఆదివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

ఇంటి చుట్టూ కనిపించే పిట్టల్ని ఎనిమిదేళ్లుగా ఒక రూళ్ల నోటుబుక్కులో రాసుకుంటున్నాను. తేదీ, పిట్ట పేరు, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి, అంతే. ఏటా సెప్టెంబర్‌లో మా డాబా మీదికి ఒక గ్రే వాగ్‌టెయిల్ వస్తుంది. మేం కాటుకపిట్ట అంటాం. వీపు బూడిద రంగు, తోక మొదట్లో నిమ్మపండు పసుపు. వాటర్ ట్యాంక్ పొంగి కారే చోట నాచు పట్టి ఉంటుంది, అక్కడే తిరుగుతుంది. నడిచినా నిలబడినా తోక మాత్రం కుట్టుమిషన్ సూదిలా పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ముందు "చిట్‌చిట్" అని వినిపిస్తుంది, తల ఎత్తేసరికి పిట్టగోడ మీద ఉంటుంది.

మొదటిసారి కనిపించిన తేదీలు ఇవి. 2020లో సెప్టెంబర్ 8, 2021లో 9, 2022లో 11, 2023లో 17, 2024లో 22. ఈరోజు 28. గంటన్నర కూర్చున్నాను, జాడ లేదు.

నాలుగేళ్లలో రెండు వారాలు వెనక్కి జరిగింది, ఈ ఏడు ఏకంగా రానేలేదు. వాతావరణం మారిపోయిందనడానికి ఇంతకంటే ఏం కావాలి? మీ దగ్గర ఎలా ఉంది?

---

పిట్టగోడ | ఉదయం 9:05

నా పేరు తలుచుకున్నారు కాబట్టి వచ్చాను. మా ఇంట్లో దాన్ని కాటుకపిట్ట అనరండీ, "తోకాడించే పిట్ట" అంటారు. ఇంకా రాలేదు. కాకపోతే నేను ఆదివారం తొమ్మిదింటికి లేస్తాను, నా సాక్ష్యం చెల్లుతుందో లేదో.

---

మందారమొగ్గ | ఉదయం 10:20

మా పెరట్లోనూ అన్నీ తారుమారయ్యాయి. గోధుమరంగు చిన్న పిట్ట ఒకటి (ఫ్లైక్యాచర్ అని ఎవరో చెప్పారు) రెండేళ్ల క్రితం వరకు జామచెట్టు కొమ్మ మీదే కూర్చునేది. అక్కణ్ణుంచి ఎగిరి గాలిలో పురుగు పట్టుకుని మళ్లీ అదే కొమ్మ మీదికి వచ్చేది. పోయిన ఏడాది రాలేదు.

కోకిల కూడా అంతే. ఎండాకాలమంతా తెల్లవారుజామున నాలుగింటికే లేపేస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి మాయం. ఎక్కడికి వలస వెళ్తుందో!

దానికి బదులు ఈ వారం ఒక కొత్త వలస పక్షి దిగింది. ఫొటో పెట్టాను చూడండి. కాకి కంటే కాస్త చిన్నది, ఒళ్లంతా గోధుమరంగు మీద తెల్ల చుక్కలు, కన్ను ఎర్రగా ఉంది. సైబీరియాదా?

---

నల్లంచి | ఉదయం 11:02

మందారమొగ్గ గారూ, మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. ఆ ఫొటోలో ఉన్నది కోకిలే. ఆడకోకిల. నిగనిగలాడే నలుపు మగదానిది. ఆడదానికి ఈ చుక్కల చీర. ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు దీన్ని సైబీరియాకు పంపిస్తూనే ఉంటారు, మొదట్లో నేనూ పంపాను, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఇక అది మాయం కావడం గురించి. కోకిల ఎక్కువగా ఉన్నచోటే ఉంటుంది. జతకట్టే కాలం అయిపోయాక నోరు మూసుకుంటుంది, అంతే. పాట వినబడకపోతే పిట్టే లేదనుకుంటాం. ఇన్నాళ్లూ మీరు దాన్ని చెవులతో చూశారు, ఈ వారం కళ్లతో చూశారు.

---

మందారమొగ్గ | ఉదయం 11:10

అయ్యో! మా వాట్సాప్ గ్రూపంతా "సైబీరియా అతిథి" అని పంపేశాను అక్కా.

---

పిట్టగోడ | ఉదయం 11:13

వీసా రద్దు చేయించండి.

---

బైనాక్యులర్_బాబాయ్ | మధ్యాహ్నం 1:30

రిటైరయ్యాక తీరిక ఎక్కువైంది, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ కోకిల సంగతి చిన్నది కాదు. పిట్ట కనబడకపోతే ఏమైందో ఊహించడం మనిషికి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. చలికాలంలో కొన్ని పిట్టలు వేరే పిట్టలుగా మారిపోతాయని అరిస్టాటిల్ అంతటివాడు రాశాడు. వానకోయిలలు చెరువు బురదలో నిద్రపోతాయని యూరప్‌లో వందల ఏళ్లు నమ్మారు. 1822లో జర్మనీలోని క్లూట్స్ అనే ఊరి దగ్గర ఒక కొంగ దొరికింది. దాని మెడలోంచి రెండున్నర అడుగుల ఆఫ్రికా ఈటె దూసుకుపోయి ఉంది. ఆ ఈటెతోనే అంత దూరం ఎగిరి వచ్చింది! కొంగలు ఎక్కడికి వెళ్తున్నాయో కళ్లకు కట్టినట్టు తెలిసింది అప్పుడే. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే బడిపంతులు గోరింకల కాళ్లకు నంబరు, చిరునామా ఉన్న అల్యూమినియం రింగులు తొడిగాడు. ఇవాళ్టి రింగింగ్ అంతా అక్కడే మొదలైంది.

వయసులో ఉన్నప్పుడు ఒక రింగింగ్ క్యాంపులో వలంటీరుగా పనిచేశాను. వలలో పడ్డ పిట్టను తీసి చేతిలో పెట్టారు. పది గ్రాములు ఉంటుందేమో, చేతిలో బరువే తెలియలేదు. వేళ్ల మధ్య దాని గుండె మాత్రం ఫోన్ వైబ్రేషన్‌లాగా కొట్టుకుంటోంది. పొట్ట మీద ఈకలు ఉఫ్ అని ఊది చూపించారు. పల్చటి చర్మం కింద పసుపుపచ్చ కొవ్వు. అదే దాని పెట్రోలు. దూరం పోయే పిట్టల్లో కొన్ని బయల్దేరే ముందు బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటాయి.

ఇప్పుడు డైరీ గారి ప్రశ్నకు వస్తాను. పిట్ట ఎప్పుడు బయల్దేరాలో చెప్పే మొదటి గడియారం ఎండ కాదు, పగటి పొడుగు. 1920ల్లో కెనడాలో విలియం రోవాన్ అనే శాస్త్రవేత్త గడ్డకట్టే చలిలో జుంకో అనే పిట్టల్ని ఆరుబయట పంజరాల్లో పెట్టి, సాయంత్రం పూట బల్బులు వెలిగించి పగలు పొడిగించాడు. వాటి ఒళ్లు వసంతం వచ్చిందనుకుని గూడు కట్టే కాలానికి సిద్ధమైపోయింది. చలి మాత్రం చలిగానే ఉంది. భూమి వేడెక్కినా పగటి పొడుగు మారదు కదా. అందుకే దూరం నుంచి వచ్చేవాటికి ఇబ్బంది. ఆఫ్రికాలో కూర్చున్న పిట్టకు యూరప్‌లో వసంతం ముందే వచ్చేసిందని ఎవరు కబురు చెబుతారు?

నెదర్లాండ్స్‌లో ఇదే జరిగింది. పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట పశ్చిమాఫ్రికా నుంచి అక్కడికి వెళ్లి గూడు పెడుతుంది. అక్కడ వసంతం ముందుకు జరిగింది, పిల్లలకు పెట్టాల్సిన గొంగళిపురుగులు ముందే వచ్చి ముందే అయిపోతున్నాయి. పిట్ట తన గడియారం ప్రకారమే వచ్చి చూస్తే వడ్డన అయిపోయి ఉంది. పురుగులు మరీ ముందు వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ పిట్టలు 90 శాతం దాకా తగ్గిపోయాయని 2006లో లెక్క తేలింది.

కాబట్టి మార్పు నిజం. కానీ మీ డాబా సంగతి కూడా అదేనా అంటే, తొందరపడను.

---

ఆకుపచ్చ_చూపు | మధ్యాహ్నం 2:15

బాబాయ్ గారూ, అంతా చెప్పి చివర్లో ఈ నీళ్లు నమలడం ఎందుకండీ? ఒక మామూలు మనిషి ఏళ్ల తరబడి శ్రద్ధగా రాసుకున్న తేదీలు ఇవి. ఇలా "తొందరపడొద్దు" అంటూనే అన్నీ పోగొట్టుకుంటున్నాం. ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు 300 కోట్ల పిట్టలు తగ్గాయని 2019లో తేలింది. ఇంకా సాక్ష్యం కావాలా?

---

లెక్కలపిచ్చి | మధ్యాహ్నం 3:40

డైరీ గారూ, ఎనిమిదేళ్ల నోటుబుక్కు అన్నారు, ఐదు తేదీలే ఇచ్చారు. 2017, 2018, 2019 ఏవి?

ఇంకో ప్రశ్న. పిట్ట *రాని* రోజులు కూడా రాశారా? అంటే "సెప్టెంబర్ 5, అరగంట చూశాను, లేదు" అని. మొదటిసారి చూసిన తేదీ పిట్ట వచ్చిన తేదీ కాదు. పిట్ట వచ్చాక మీరు డాబా ఎక్కిన తేదీ.

---

డాబా_డైరీ | రాత్రి 9:30

పాత నోటుబుక్కు అటక మీద ఉంటే ఇందాకే దించాను. సగం చెదలు తినేసింది, కానీ సెప్టెంబర్ పేజీలు బతికే ఉన్నాయి. 2017లో 17, 2018లో 16, 2019లో 22.

రాని రోజులు రాయలేదండీ. లేనిదాన్ని ఎలా రాస్తారు?

---

లెక్కలపిచ్చి | రాత్రి 10:05

ఇది చదివి నా మీద కోప్పడకండి.

2017 సెప్టెంబర్ 17 ఆదివారం. 2018 సెప్టెంబర్ 16 ఆదివారం. 2019లో 22, ఆదివారం. 2022లో 11, ఆదివారం. 2023లో 17, 2024లో 22, రెండూ ఆదివారాలే.

ఎనిమిదింటిలో ఆరు ఆదివారాలు. మిగిలిన రెండు 2020, 2021. 2020 సెప్టెంబర్ 8 మంగళవారం, 2021 సెప్టెంబర్ 9 గురువారం. ఆ రెండేళ్లూ మీరు ఎక్కడ కూర్చుని పనిచేశారు?

---

పిట్టగోడ | రాత్రి 10:07

అమ్మబాబోయ్.

---

డాబా_డైరీ | రాత్రి 10:31

ఇంట్లోనే. డాబా మీద, ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని. మీటింగులన్నీ అక్కణ్ణుంచే.

తర్వాత ఆఫీసుకు పిలిచారు. మొదట్లో వారానికి మూడు రోజులు, ఇప్పుడు ఐదూ. పొద్దున ఆరున్నరకు బండి తీస్తే వచ్చేసరికి చీకటి. డాబా ఎక్కేది ఆదివారమే.

నిజం చెప్పొద్దూ, కడుపులో ఏదో జారినట్టయింది. ఎనిమిదేళ్లు పిట్ట రాకపోకలు రాస్తున్నాననుకున్నాను. రాసింది నా సెలవులా?

---

నల్లంచి | సెప్టెంబర్ 29, ఉదయం 6:15

అలా అనుకోకండి డైరీ గారూ. ఆ రెండేళ్ల తేదీలే ఉన్నవాటిలో మంచివి. రోజూ చూస్తున్నప్పుడు సెప్టెంబర్ రెండో వారం మొదట్లోనే కనిపించింది. అంటే మిగతా ఏళ్లలోనూ అప్పటికే వచ్చి ఉండొచ్చు, మీరే లేరు. వ్యర్థం కాలేదు, వేరే మాట చెబుతోంది.

లేనిదాన్ని ఎలా రాస్తారని అడిగారు కదా. నేను పొద్దున పళ్లు తోముకుంటూ పదిహేను నిమిషాలు వసారాలో నిలబడతాను. మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, కనిపించినవన్నీ రాస్తాను. *అన్నీ* అంటే కాకి, పావురంతో సహా. జాబితాలో పేరు లేదంటే ఆ పదిహేను నిమిషాల్లో ఆ పిట్ట కనబడలేదనే అర్థం. మళ్లీ వేరే రాయక్కర్లేదు. పిట్టలు చూసేవాళ్లు తమ జాబితాలు పెట్టే వెబ్‌సైట్, 2002లో మొదలైన ఈబర్డ్‌లో "కనిపించినవన్నీ రాశారా?" అని అడిగే గడి ఇందుకే. చాలామంది కాకిని రాయరు. "కాకిని కూడా రాయాలా?" అంటారు. పిచ్చుకను కూడా ఒకప్పుడు ఇలాగే వదిలేశాం, తర్వాత ఎప్పటినుంచి తగ్గిందని అడిగితే చెప్పేవాడు లేడు.

---

ఆకుపచ్చ_చూపు | ఉదయం 8:50

ఒప్పుకుంటున్నాను, ఆదివారాల సంగతికి నాకూ నోట మాట రాలేదు. కానీ దీన్ని పట్టుకుని "చూశారా, వాతావరణ మార్పు అంతా ఉత్తిదే" అనేవాళ్లు రేపు ఇక్కడికే వస్తారు. నా భయం అది.

---

బైనాక్యులర్_బాబాయ్ | ఉదయం 10:40

నీ భయం సరైనదే తమ్ముడూ. అందుకే ఒక మనిషి డాబాకూ వేలమంది డాబాలకూ తేడా చెప్పాలి. ఒక్కరి సెలవులు ఒక్కరి లెక్కను పాడు చేస్తాయి. వేలమంది సెలవులు ఒకేలా ఉండవు, ఎవరెంతసేపు చూశారో రాసి ఉంటే ఆ తేడాను లెక్కలో సర్దవచ్చు. మన దేశంలో 2023లో వచ్చిన పక్షుల స్థితి నివేదిక అలా తయారైందే. 30,000 మందికి పైగా మామూలు పక్షి ప్రేమికుల జాబితాలు కలిపి 942 జాతుల్ని చూశారు. చాలా ఏళ్ల ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. డైరీ గారి నోటుబుక్కు తప్పినంత మాత్రాన ఇది తప్పదు.

ఇంకొకటి. అన్ని పిట్టలూ ఒకే తీరుగా మారవు. దగ్గరి దూరాలు పోయేవి వాతావరణం చూసుకుని కాస్త ముందూ వెనకా అవుతాయి. కొన్ని వెళ్లడమే మానేస్తాయి. స్పెయిన్, పోర్చుగల్‌లలో తెల్లకొంగలు చాలా భాగం ఇప్పుడు ఆఫ్రికాకు పోవడం లేదు. చెత్తకుప్పల్లో ఏడాది పొడుగునా తిండి దొరుకుతోంది, ఎడారి దాటే కష్టం ఎందుకనుకున్నాయి. అందులో ఎండ వాటా ఎంత, చెత్త వాటా ఎంత? రెండూ ఉన్నాయి.

---

నిద్రలేని_గుడ్లగూబ | రాత్రి 11:55

నేను నైట్ షిఫ్ట్ మనిషిని, నా మాట కూడా వినండి. మీరంతా పగలు చూస్తారు. చిన్న పిట్టలు చాలావరకు వలస పోయేది రాత్రే. గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల భయం తక్కువ, చుక్కల దారి ఉంటుంది. అక్టోబర్‌లో రెండు మూడింటప్పుడు మేడ మీద లైట్లన్నీ ఆర్పి కూర్చుంటే, పైనుంచి "సీప్" అని సన్నగా ఒక్క పిలుపు, కాసేపాగి ఇంకొకటి. ఏ పిట్టో తెలియదు. కనబడదు. అయినా ఒళ్లు జల్లుమంటుంది.

ఇప్పుడు మా వీధిలో తెల్ల ఎల్‌ఈడీలు వేశారు. పుస్తకం చదువుకోవచ్చు. పిలుపులు మాత్రం ఎప్పుడూ లేనంత ఎక్కువ. మొదట సంబరపడ్డాను, పిట్టలు పెరిగాయని. తర్వాత చదివితే తెలిసింది, వెలుగు వాటిని లాగి తికమక పెడుతుంది, తిరుగుతూ అరుస్తూ ఉండిపోతాయి. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 దాడుల జ్ఞాపకంగా ఆకాశంలోకి వేసే రెండు వెలుగు స్తంభాల మీద 2017లో ఒక అధ్యయనం వచ్చింది. ఏడేళ్లలో ఏడు రాత్రులకే 11 లక్షల పిట్టలు ఆ వెలుగు వల్ల దారి మళ్లాయట. మంచి కబురేమిటంటే దీపాలు ఆర్పిన కొద్ది నిమిషాల్లోనే చెదిరి తమ దారిన పోయాయి.

మా మేడ మీద లైటుకు కిందికి మాత్రమే వెలుగు పడేలా రేకు తొడుగు పెట్టించాను. పది దాటాక ఆర్పేస్తాం. ఎదురింటాయన "దొంగలొస్తారు" అంటాడు. ఇంతవరకు రాలేదు.

---

మందారమొగ్గ | అక్టోబర్ 2, సాయంత్రం 6:48

ఇప్పుడే జరిగింది, చేతులు ఇంకా వణుకుతున్నాయి.

మధ్యాహ్నం పెరటి కిటికీకి ఠప్‌మని తగిలింది. వెళ్లి చూస్తే గోడ పక్కన ఒక పిట్ట. ఇలాంటి రంగులు నేను చూడలేదు. వీపు పచ్చ, రెక్కల మీద నీలం, పొట్ట లేత గోధుమ, తోక కింద ఎరుపు, కళ్ల మీదుగా నల్లగీత. తోక ఉందా లేదా అన్నట్టు పొట్టిగా ఉంది. కళ్లు సగం మూసి, ముక్కు తెరిచి ఊపిరి పీలుస్తోంది. బతకదనుకున్నాను.

నల్లంచి అక్కకు మెసేజ్ పెడితే చెప్పినట్టు చేశాను. చెప్పుల అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, అడుగున పాత బనియన్ గుడ్డ పరిచి, అందులో పెట్టి మూత వేసి చీకట్లో ఉంచాను. నీళ్లు పట్టలేదు. మూత తీసి చూడాలని ఎంత అనిపించిందో! మా బాబును మూడుసార్లు తరిమాను. గంటన్నర తర్వాత లోపల్నుంచి గోళ్ల చప్పుడు. పెరట్లో పొదల పక్కన పెట్టి మూత తీశాను. రెండు క్షణాలు అటూ ఇటూ చూసి, గెంతుకుంటూ మందారాల కిందికి దూరింది. ఆకుల్ని ముక్కుతో తిరగేస్తోంది! ఇందాక చీకటి పడుతుంటే అక్కణ్ణుంచి రెండు స్వరాల ఈల వినిపించింది.

---

నల్లంచి | రాత్రి 7:20

బంగారు తల్లీ, పొన్నంగి పిట్ట నీ పెరట్లో దిగింది! ఇండియన్ పిట్టా. మన భాషలో పిట్ట, దాని ఇంగ్లీషు పేరు కూడా పిట్టానే, అది మన తెలుగు నుంచే తీసుకున్న మాట. హిమాలయాల పాదాల దగ్గర, మధ్య భారతంలో గూడు పెట్టి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ దిగుతుంది. పొద్దున, సాయంత్రం ఆ వేళకు ఈల వేస్తుందని తమిళంలో దీన్ని ఆరుమణి కురువి అంటారు, అంటే ఆరుగంటల పిట్ట. అలసి దిగినప్పుడే ఇలా అద్దాలకు తగులుతుంది.

మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. దెబ్బ తగిలిన పిట్ట నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెక్క వేలాడుతున్నా, రెండు మూడు గంటల్లో తేరుకోకపోయినా అటవీశాఖకో పక్షుల వైద్యం తెలిసినవాళ్లకో అప్పగించాలి. ఇంట్లో పెంచేద్దామనుకోవద్దు.

అద్దం విషయం. డేగ బొమ్మ స్టిక్కర్ ఒకటి అతికిస్తే సరిపోదు, దాని పక్కనుంచి దూరి వస్తాయి. అద్దం *బయటివైపు* ఐదు సెంటీమీటర్లకొక చుక్క చొప్పున మొత్తం పెట్టాలి. చుక్కల ముగ్గు పెట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. తెల్ల పెయింట్ మార్కరు చాలు. చిన్న విషయం అనుకోకండి, ఒక్క అమెరికాలోనే ఏటా 36 కోట్ల నుంచి 98 కోట్ల పిట్టలు అద్దాలకు తగిలి చస్తాయని 2014లో అంచనా వేశారు.

---

పిట్టగోడ | రాత్రి 7:41

మొగ్గ గారూ, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఈసారి వీసా నిజమైనదే.

అక్కా, ఒక డౌటు. మేం బాల్కనీలో గింజలు పెడతాం. అలా పెడితే పిట్టలు వలస మానేసి మనింట్లోనే సెటిలైపోతాయా?

---

నల్లంచి | రాత్రి 8:30

నవ్వులాటగా అడిగినా మంచి ప్రశ్న. ఒక పిట్ట విషయంలో అలాంటిదే జరిగింది. బ్లాక్‌క్యాప్ అని యూరప్ పిట్ట. మధ్య యూరప్‌వి చలికాలానికి స్పెయిన్ వైపు పోయేవి. 1960ల నుంచి కొన్ని దారి తిప్పి బ్రిటన్‌కు పోవడం మొదలుపెట్టాయి, అక్కడ పెరళ్లలో జనం తిండి పెడతారు, చలీ కాస్త తగ్గింది. పీటర్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త వాటి పిల్లల్ని పరీక్షిస్తే అవి కూడా పుట్టుకతోనే బ్రిటన్ దిక్కుకే తిరిగాయి. పంజరంలో ఉన్నా వేళ వచ్చేసరికి ఆ దిక్కుకే గెంతుతాయి. అంటే దారి రక్తంలోకే ఎక్కింది.

కానీ కంగారొద్దు. మీ బాల్కనీకి వచ్చేవి పిచ్చుకలు, పావురాలు అయ్యుంటాయి, అవి ఎలాగూ ఎక్కడికీ పోవు. పురుగులు తినే వలస పిట్ట మీ గింజల వైపు తిరిగి కూడా చూడదు. దానికి కావాల్సింది మందు కొట్టని చెట్టు, కింద ఊడ్చేయని ఎండుటాకులు. ఇందాక పొన్నంగి పిట్ట ఏం చేసింది? ఆకులు తిరగేసింది.

గింజలు పెడితే పళ్లెం కడగండి. బ్రిటన్‌లో 2005 తర్వాత గ్రీన్‌ఫించ్‌లు అనే చిన్న పిట్టలు ఒక గొంతు జబ్బుతో భారీగా పోయాయి, అందరూ కలిసి తినే ఫీడర్ల దగ్గరే అది ఎక్కువగా పాకింది. నీళ్లయితే రోజూ మార్చండి, దోమలూ చేరవు.

---

లెక్కలపిచ్చి | అక్టోబర్ 3, ఉదయం 7:10

మొగ్గ గారూ, మీ ఫ్లైక్యాచర్ సంగతి మర్చిపోయాం. రెండేళ్ల క్రితం దాకా వచ్చింది, పోయిన ఏడాది రాలేదన్నారు. ఈ మధ్యలో పెరట్లో ఏమైనా మారిందా?

---

మందారమొగ్గ | ఉదయం 9:25

చాలాసేపు ఆలోచించాను. జామచెట్టు ఉంది. ఆ కొమ్మా ఉంది. దాని ఎదురుగా పక్కవాళ్ల ఖాళీ స్థలంలో తుప్పలు, ఒక పెద్ద చింతచెట్టు ఉండేవి. పోయిన ఏడాది వేసవిలో కొట్టేసి సిమెంటు వేశారు, కార్లు పెట్టుకోవడానికి. పురుగులన్నీ అటునుంచే వచ్చేవేమో. ఇన్నాళ్లూ నాకు తట్టనేలేదు.

---

ఆకుపచ్చ_చూపు | ఉదయం 9:50

ఇది కూడా మార్పే కదండీ. దీనికి డిగ్రీల లెక్క అక్కర్లేదు.

---

డాబా_డైరీ | అక్టోబర్ 5, ఆదివారం, ఉదయం 9:15

ఈ వారం జరిగింది చెప్పాలి.

మొగ్గ గారి చింతచెట్టు సంగతి చదివి, మా డాబా మీద ఏం మారిందా అని ట్యాంకు దగ్గరికి వెళ్లి చూశాను. నేల పొడిగా ఉంది. నాచు నల్లగా ఎండి, గోరు పెడితే పెచ్చుల్లా లేస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. జూన్‌లో ప్లంబరును పిలిపించి ఫ్లోట్ వాల్వు వేయించాను, నీళ్లు వృథాగా పోతున్నాయని. పిట్ట వచ్చేది నా కోసం కాదు, ఆ లీకేజీ కోసం!

కిందికి దిగి అమ్మతో అన్నాను, కాటుకపిట్ట ఈసారి రాలేదమ్మా అని. అమ్మ బట్టలు మడతపెడుతూ, "ఏ పిట్ట, తోకాడించేదా? మూడు వారాల నుంచి పక్కింటి బోరు కాలవ దగ్గరే తిరుగుతోందిగా. రోజూ బట్టలు ఆరేసేటప్పుడు చూస్తూనే ఉన్నా" అంది.

ఎప్పుడు మొదట చూశావంటే, "వినాయకుడి బొమ్మ నీళ్లలో కలిపిన రెండు మూడు రోజులకు" అని ఠక్కున చెప్పింది. ఏటా అంతేనా అంటే, "ఏటా అప్పుడే. నువ్వు అడగలేదుగా" అంది.

---

పిట్టగోడ | ఉదయం 9:18

ఎనిమిదేళ్ల డేటా బట్టలు ఆరేసుకుంటూ కూర్చుంది!

---

లెక్కలపిచ్చి | ఉదయం 9:40

జాగ్రత్త డైరీ గారూ. ఆ పండగ తేదీ ఏటా మారుతుంది, అమ్మగారి గుర్తు ఈ ఒక్క ఏడాదికే పనికొస్తుంది. కానీ రోజూ ఒకే వేళకు, ఒకే చోట, పావుగంట చొప్పున చూసే మనిషి ఇంట్లోనే ఉన్నారు. మనలో ఎవరికీ అంత క్రమం లేదు. పెన్ను ఆవిడ చేతికి ఇవ్వండి.

---

మందారమొగ్గ | ఉదయం 10:02

అమ్మగారిని ఇక్కడ చేర్పించండి. మేమంతా ఆవిడ ఫ్యాన్సే. ఇంతకీ అది ఏటా వచ్చే ఆ పిట్టేనా అండీ?

---

బైనాక్యులర్_బాబాయ్ | ఉదయం 11:30

కాలికి రింగు లేకుండా ఎవరం చెప్పలేం అమ్మా. ఏటా అదే పెరటికి తిరిగొచ్చిన పిట్టలు రింగుల వల్ల చాలానే పట్టుబడ్డాయి, కాబట్టి కావచ్చు. ఎనిమిదేళ్లూ ఒక్కటే అంటే మాత్రం నమ్మను, అంత చిన్న ప్రాణానికి అది చాలా పెద్ద వయసు.

---

డాబా_డైరీ | అక్టోబర్ 8, రాత్రి 9:05

వాల్వు విప్పలేదు. ఒక వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి, వేలి మందాన నీళ్లు పోసి, పాత నాచు పెచ్చులు పక్కన పరిచాను. కొత్త నోటుబుక్కు, పెన్ను బట్టల క్లిప్పుల బుట్టలో పెట్టాను. ఈరోజు ఆఫీసు నుంచి వచ్చి తెరిచి చూస్తే అమ్మ రాత:

"మంగళవారం. కాకులు 4. పావురాలు చాలా. గోరింకలు 2, కొట్టుకుంటున్నాయి. తోకాడించేది లేదు.

బుధవారం. కాకులు 3. పావురాలు చాలా. ఉడత 1. తోకాడించేది 1, పక్కింట్లో. మన మూకుడు చూసి వెళ్లింది, దిగలేదు."

---

లెక్కలపిచ్చి | రాత్రి 9:12

లేని రోజు కూడా రాశారు! ఒక్కటే లోపం, టైము వేయలేదు. ఉడతను కొట్టేయమని చెప్పండి.

---

డాబా_డైరీ | రాత్రి 9:20

చెప్పాను. ఉడతను కొట్టేయనంటోంది.